నల్ల కాగితం చుట్టుకుని రాయ్‌పూర్ దాకా

ముందు పోయినవాటి లెక్క చెప్తాను. రాయగడ స్టేషన్లో గొడుగు పోయింది. టిట్లాగఢ్ దాటాక ఎడమకాలి చెప్పు పోయింది. కుడిది మాత్రం బెర్తు కింద భద్రంగా ఉంది. పండరీ బజారులో ఒక పూట పోయింది. మా బావకు రెండు రోజులు నోట మాట పోయింది. భన్‌పురిలో మూడు సీసాలు పోయాయి. ఒక్కో సీసా చిటికెన వేలంత ఉంటుంది. లోపల ఉన్నవి లేత పసుపు నీళ్ళు. ఆ నీళ్ళు తయారుచెయ్యడానికి విశాఖపట్నంలో ఒక ల్యాబుకు ఏడాది పైగా పట్టింది.

గొడుగు కొన్నాను. చెప్పులు కొన్నాను. బావ మాట తిరిగొచ్చింది. ఆ మూడు సీసాలే ఏ బజారులోనూ దొరికే సరుకు కాదు.

చీకటిని ఒళ్ళో పెట్టుకుని

నేను విజయనగరం దగ్గర ఒక జనపనార మిల్లు గోదాములో సరుకు లెక్క చూసేవాణ్ణి. బడి చదువు పదో తరగతితో ఆగింది, లెక్క మాత్రం ఆగలేదు. వడ్డీ, సగటు, తరుగు, పాళ్ళు అన్నీ పాత పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నాను. మా అక్క కూతురు కస్తూరి పుట్టి పెరిగింది రాయ్‌పూర్‌లో. అక్కడే ఒక పరిశోధన సంస్థలో కణాల మీద పనిచేస్తోంది. కిందటి సెప్టెంబరులో తను ఫోను చేసి, విశాఖలో ఐదు సీసాలు తీసుకుని రమ్మంది, వచ్చాక కొన్నాళ్ళు ఉండి కణాలు లెక్కపెట్టమంది.

నాకు కణాల సంగతి తెలియదన్నాను.

"నీకేం తెలీదు కదా మావయ్యా, బస్, అంతే, అదే నాకు కావాలి," అంది. "తెలిసినవాళ్ళకి తమకి కావాల్సినవే ఎక్కువ కనపడతాయి."

ఆ సీసాల్లో ఉన్నవి యంత్రాలు. నేను కల్పించి చెప్పడం లేదు, కస్తూరి అన్న మాటే అది. మైక్రోస్కోపుకు కూడా అందనంత చిన్న మరలు. కణానికి చుట్టూ పలచటి గోడ ఉంటుందట. ఈ మర ఒక సగంతో ఆ గోడలో పాతుకుంటుంది, రెండో సగం నీలి వెలుతురు తగిలితే గిర్రున తిరుగుతుంది. అలా తిరిగినప్పుడు గోడలో సందు పడుతుంది. దీపం ఆర్పితే తిరగడం ఆగి, సందు దానంతటదే పూడుకుంటుంది. ఆ కాస్త వ్యవధిలో మందును లోపలికి పంపాలి. సూదితో పొడిచినా, కరెంటు పెట్టినా దారి పడుతుంది గానీ కణాలు చాలా చస్తాయి. వెలుతురైతే కావలసినచోట, కావలసినంతసేపే వెయ్యవచ్చు. చిక్కు ఒక్కటే. గోడలో కూర్చోకముందే నీలి వెలుతురు పడితే ఈ మరలు ఊరికే తిరిగి తిరిగి చెడిపోతాయి. అందుకని ఒక్కో సీసాకు నల్ల కాగితం చుట్టి, ఐసు వేసిన థర్మాసులో పెట్టి నా చేతికిచ్చారు.

రాయగడలో ఇడ్లీ కోసం దిగాను. ఒక చేతిలో థర్మాసు, రెండో చేతిలో ఇడ్లీ పొట్లం. మనిషికి రెండే చేతులు కాబట్టి గొడుగు ఇడ్లీ బండి మీదే ఉండిపోయింది. ఇడ్లీ మన ఇడ్లీయే, నాలుగు ముప్పై రూపాయలు. చట్నీలో మాత్రం కొబ్బరి బదులు శనగపప్పు ఎక్కువ.

ఎదుటి సీట్లో కాంటాబాంజీలో దిగే ఉల్లిపాయల వ్యాపారి ఉన్నాడు. పార్వతీపురం వైపు మనిషి, తెలుగు బాగా మాట్లాడతాడు. చాలాసేపు నా థర్మాసునే చూసి, "టీ అయితే తాగవు. సారా అయితే మాకు పొయ్యవు. చంటిపిల్ల అయితే ఏడవదు. ఏటది?" అన్నాడు. చెప్పాను. మూత తియ్యమన్నాడు. తియ్యకూడదన్నాను. లోపల ఎన్ని యంత్రాలున్నాయని అడిగాడు. ముప్పై ఏళ్ళుగా లెక్క తెలియని సరుకు నేను గుమ్మం దాటనివ్వలేదు, ఈసారి ఒళ్ళో పెట్టుకుని మోస్తున్నాను. అతను జాలిపడి తన మరమరాల్లో సగం నా కాగితంలో పోశాడు.

రాయ్‌పూర్, అక్కయ్య ఇల్లు

అక్కావాళ్ళది రైల్వే కాలనీ పక్క వీధి. బావ వాళ్ళ నాన్న పలాస నుంచి రైల్వే పనికి వచ్చి స్థిరపడ్డాడు. ఆ వీధిలో తెలుగు వినపడుతుంది గానీ ఏ వాక్యమూ తెలుగులో మొదలై తెలుగులో ముగియదు. మా అక్కే "జల్దీ స్నానం చేసి రా, ఖానా చల్లారిపోతంది" అంది. పొద్దున్న ఫలహారం అటుకుల పోహా, పక్కన జిలేబీ. కారం మీద తీపి నంజుకోవడం మొదట వింతగా తోచింది, మూడోరోజు నుంచి జిలేబీ లేకపోతే వెలితిగా తోచింది. ప్లేటు ముప్పై రూపాయలు, మన దగ్గర పూరీ ధరే.

గుమ్మంలో కస్తూరి నా కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది. అక్కడే ఉన్న దులారి టక్కున ఆపింది. దులారి ఛత్తీస్‌గఢ్ మనిషి, ముప్పై అయిదు దాటి ఉంటాయి. భన్‌పురిలో బావ నడిపే, ఇనుము తరిమెన పట్టే చిన్న లేతు షెడ్డులో బోల్టులు ఏరి సంచులు కడుతుంది, ఆ సాయంత్రం షెడ్డు తాళాలు ఇవ్వడానికి వచ్చింది. ఇక్కడ మేనమామే మేనకోడలి కాళ్ళకు మొక్కాలట. రాముడి తల్లి ఈ దేశపు ఆడపడుచు కాబట్టి ఇక్కడివాళ్ళకు రాముడు మేనల్లుడు, ఆ లెక్కన ప్రతి మేనల్లుడూ ప్రతి మేనకోడలూ రాముడితో సమానమే. మన దగ్గర మేనమామ పిల్లల చెవులు మెలిపెడతాడు. దులారి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నేను సగం వంగాను. కస్తూరి వంటింట్లోకి పారిపోయింది. దులారి నన్ను అప్పట్నుంచి "మామా" అనడం మొదలుపెట్టింది.

ఆమె వెళ్ళాక కస్తూరి చెప్పింది. దులారికి సిక్లింగ్ ఉంది. ఆ వైపు చాలా ఇళ్ళలో ఉన్న జబ్బు అది. గుండ్రంగా ఉండవలసిన రక్తకణం కొడవలిలా వంగి, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది. అప్పుడు కీళ్ళలో వచ్చే నొప్పికి మనిషి రోజులతరబడి లేవలేదు. జబ్బు మూలంలో ఉన్న తప్పును సరిదిద్దాలంటే రక్తాన్ని పుట్టించే కణాల లోపలికి మందు వెళ్ళాలి, ఆ కణాలు బతికీ ఉండాలి. కస్తూరి ప్రయోగానికి రక్తమిచ్చింది దులారే. ఈసారి లోపలికి పంపేది మందు కాదు, రంగు. తలుపు తెరుచుకుని మళ్ళీ మూసుకుందో లేదో తెలియడానికి. డిసెంబరుకు కస్తూరి ఫెలోషిప్పు అయిపోతుంది. ఐదు సీసాల్లో ఒకటి పాళ్ళు చూసుకోవడానికి, ఒకటి దీపం ఎంతసేపు వెయ్యాలో తెలుసుకోవడానికి, మిగిలిన మూడూ అసలు ప్రయోగం మూడుసార్లు చెయ్యడానికి.

మర్నాడు సంస్థకు సెలవు. అందుకని సీసాలు ఆ రాత్రికి అక్క ఫ్రిజ్‌లో పెట్టాం. నల్ల కాగితం విప్పవద్దని కస్తూరి మా అక్కకు రెండుసార్లు చెప్పింది. బావ అప్పటికి ఇంటికి రాలేదు. ఆయనకు చెప్పాలని ఎవరికీ తట్టలేదు. ఆ ప్రయోగానికి కావలసిన నీలి దీపం పెట్టె తయారుచేస్తున్నదే ఆయన, తెలిసే ఉంటుందనుకున్నాం.

పండరీ, భన్‌పురి

మర్నాడు విశ్వకర్మ పూజ. కస్తూరి ల్యాబు కిటికీలకు మందపాటి నల్లగుడ్డ కావాలంటే పొద్దున్నే పండరీ వెళ్ళాను. అది టోకు బట్టల బజారు. ఎర్రటి, పసుపు చీరల మధ్య నల్లగుడ్డ అడిగితే మొదటి కొట్టువాడు పండగపూట బోణీ నలుపుతో చెయ్యనన్నాడు. రెండోవాడు ఎవరు పోయారని పరామర్శించాడు. మూడోవాడు ఎర్ర రుమాలు ఒకటి ముందు కొంటే, తరువాత నల్లది కోస్తానన్నాడు. ఆ రుమాలు నా దగ్గర ఇప్పటికీ ఉంది. గుడ్డ మీటరు తొంభై, బేరమాడితే ఎనభై. భన్‌పురి చేరేసరికి మధ్యాహ్నమైంది.

మన దగ్గర ఆయుధపూజ దసరాకు. ఇక్కడ కర్మాగారాలవాళ్ళు ఆ ముచ్చట సెప్టెంబరులోనే తీర్చుకుంటారు. భన్‌పురిలో ఆ రోజు లారీలన్నీ బంతిపూల దండలు వేసుకుని వరసగా నిలబడి ఉన్నాయి. లారీలు తూచే కాటాకు కూడా బొట్టుంది. షెడ్డుషెడ్డుకూ తెల్లగడ్డం విశ్వకర్మ, చేతిలో గజం బద్ద. కొలబద్ద పట్టిన దేవుణ్ణి చూడగానే నా మనిషే అనిపించింది. ఆ రోజు యంత్రం తిప్పకూడదు. లేతు, డ్రిల్లు, గ్రైండింగు రాయి అన్నీ కడిగించుకుని, పసుపు పూయించుకుని విశ్రాంతి తీసుకుంటాయి.

బావ షెడ్డులో విగ్రహం చుట్టూ సీరియల్ బల్బులు వెలుగుతున్నాయి. అన్నీ నీలివి. ఆ ఏడు అవే వచ్చాయట బజారుకు. విగ్రహం పాదాల దగ్గర ఇత్తడి పళ్ళెం. పళ్ళెంలో కొబ్బరికాయ, వెర్నియర్, కొత్త డ్రిల్లు బిట్లు, మూడు సీసాలు. ఒక్కో సీసాకు కుంకుమ బొట్టు. నల్ల కాగితాలు పదిలంగా మడిచి కొబ్బరికాయ కింద పెట్టి ఉన్నాయి.

చేతిలో ఉన్న నల్లగుడ్డ పళ్ళెం మీద కప్పేశాను. పంతులుగారు మంత్రం ఆపేశారు. పండగనాడు దేవుడి ముందు నల్లగుడ్డ పరిచిన మనిషిని చూసి పక్క షెడ్డుల వాళ్ళు కూడా లోపలికి వచ్చారు. బావ నా చెయ్యి పట్టుకుని, నవ్వుతూనే, "ఒరే సింహాచలం, దిమాగ్ పోయిందేట్రా?" అన్నాడు. అదే సమయానికి కస్తూరి దీపం పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చింది. గుడ్డ అంచు ఎత్తి చూసింది. మళ్ళీ కప్పింది.

"ఎంతసేపున్నాయి నాన్నా?"

"పొద్దున్నుంచీ. ముందు నీవే పెట్టాను, తరవాతే నా లేతు." ఆయన ఇంకా సంతోషంగానే ఉన్నాడు. "యంత్రాలన్నావు కదమ్మా. అన్నిట్లోకీ చిన్న యంత్రం మా అమ్మాయిదని అందరికీ చూపించాను. ఐదూ తెద్దామనుకున్నాను, రెండు ఫ్రిజ్ గోడకి ఐసులో అతుక్కుపోయాయి, రాలేదు."

కస్తూరి అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. ఏడవలేదు, కేకలు వెయ్యలేదు. నీలి వెలుతురు సంగతి తండ్రికి చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. చెప్తుండగా ఆయన ఒకసారి బల్బుల వైపు చూశాడు, ఒకసారి పళ్ళెం వైపు చూశాడు. అంతే, ఆ తరువాత రెండు రోజులు మా బావ మాట్లాడలేదు. లేచి వెళ్ళి బల్బుల ప్లగ్గు పీకేశాడు. షెడ్డు చీకటైంది. దులారి మాత్రం ఏమీ తెలియనట్టు అందరికీ బూందీ ప్రసాదం పంచింది, మాకు మొదట పెట్టింది.

భన్‌పురిలో ఆ రోజు ఏ యంత్రమూ తిరగకూడదు. తిరిగినవి ఆ మూడు సీసాల్లోవే. చివరికేమైనా మిగిలిందేమోనని కస్తూరి తరువాత వాటిలో ఒకదాన్ని పరీక్షించి చూసింది. ఒక్క కణమూ తలుపు తియ్యలేదు.

ఎర్ర దీపం గదిలో

సంస్థ ఊరి అవతల ఉంది, పేరు అక్కర్లేదు. కస్తూరి ముందు రెండే దారులున్నాయి. విశాఖలో మళ్ళీ తయారయ్యేదాకా ఆగడం, అప్పటికి ఫెలోషిప్పు ఉండదు. లేదా ఉన్న రెండు సీసాలూ వాడెయ్యడం. ఒకటి దీపం వ్యవధి చూసుకోవడానికి పోతుంది, రెండోదానితో అసలు ప్రయోగం ఒక్కసారే. పాళ్ళు పాత అంచనాతో సరిపెట్టుకోవాలి. ఆ రాత్రి అన్నం దగ్గర నిర్ణయించుకుంది. వాడేద్దాం అంది.

ల్యాబులో నీలి వెలుతురు లేకుండా ఎర్ర బల్బు ఒక్కటే పెట్టారు. నేను తెచ్చిన గుడ్డ కిటికీలకు కట్టారు, తలుపు సందుకు మాత్రం చాలలేదు. దీపం పెట్టె బిగించడానికి వచ్చిన బావ మిగిలిన ముక్కను రెండు చేతులతో ఆ సందుకు అదిమిపట్టి నిలబడ్డాడు. కస్తూరి కణాలతో మరలు కలిపి, అవి గోడల్లో కూర్చునేదాకా ఆగి, రంగు పోసి, చిన్న గాజు పళ్ళేల్లో కొన్నిటికి దీపం వేసి, కొన్నిటిని చీకట్లోనే ఉంచింది. దీపం ఆరాక కూడా బావ చేతులు దించలేదు. "చాలామ్మా? ఇంకాసేపు పట్టుకోనా?" అన్నాడు. రెండు రోజుల తరవాత ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"చాలు నాన్నా. కూర్చో," అంది కస్తూరి. కుర్చీ తనే లాగింది.

తరువాత పని నాది. ఏ పళ్ళేనికి దీపం పడిందో, ఏది చీకట్లో ఉందో నాకు తెలియకుండా గుర్తులు మార్చేశారు. మైక్రోస్కోపు కింద గాజుపలక మీద గళ్ళు గీసి ఉంటాయి. ఎర్రగా మెరిసేవి రంగు లోపలికి వెళ్ళిన కణాలు. నీలంగా కనపడేవి చచ్చినవి. ఎరుపు ఉండి నీలం లేనివి నాకు కావాలి. అంటే తలుపు తెరిచి, మూసి, బతికి ఉన్నవి. గీత మీద కూర్చున్న కణాన్ని ఏ గడిలో వెయ్యాలన్నది మొదటి సందేహం. పై గీతా ఎడమ గీతా మీదవి లెక్కకు వస్తాయి, కింది గీతా కుడి గీతా మీదవి రావు అంది కస్తూరి. మా గోదాములో రెండు వరసలు కలిసే మూల బస్తాకూ ఇదే చిక్కు. ఒకటి రెండుసార్లు లెక్కకు రాకూడదు, అసలు రాకుండానూ పోకూడదు. మొదటి పలక తప్పు చేశాను, చెరిపి మళ్ళీ మొదలుపెట్టాను. కళ్ళు మూసుకుంటే కూడా ఎర్ర చుక్కలే. ఇవి దులారివి అన్న సంగతి మధ్యమధ్య గుర్తొచ్చేది. గుర్తొచ్చినప్పుడల్లా ఎర్రవి ఎక్కువ కనపడాలనిపించేది. కస్తూరి నాకు ఏమీ తెలియకూడదని ఎందుకు కోరుకుందో అప్పుడు అర్థమైంది.

లెక్క అయ్యాక గుర్తులు విప్పారు. కస్తూరి అంకెలు చూసి, కాసేపు బల్లమీద తల పెట్టుకుంది. లేచినప్పుడు ముఖం వెలిగిపోతోంది. నేను భాగహారం మనసులోనే చేసేశాను. బావ ఎంతొచ్చిందని అడిగాడు.

"ఒక్కసారి వచ్చింది ఇంకా అంకె కాదు నాన్నా. అదే ఇంకో రెండుసార్లు రావాలి. వచ్చేదాకా బయట ఎవరికీ చెప్పకండి."

బావ తలవంచుకున్నాడు. ఆ రెండుసార్లూ ఎక్కడ పోయాయో ఆయనకు తెలుసు. కస్తూరి ఆయన భుజం మీద చెయ్యి వేసి, దీపం పెట్టె బాగా కుదిరిందని, మరొకటి చెయ్యమని చెప్పింది.

ధర్సీవా

తిరుగు ప్రయాణానికి ముందురోజు దులారి మమ్మల్ని భోజనానికి పిలిచింది. వాళ్ళది ధర్సీవా దగ్గర పల్లె. దారి పొడవునా ఫ్యాక్టరీ గొట్టాలు, వాటి పక్కనే పచ్చటి వరి. మట్టి అరుగు మీద కూర్చోబెట్టి బోరే బాసీ పెట్టింది. రాత్రి అన్నం నీళ్ళలో నానబెట్టి పొద్దున్న ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తినడం. మన తరవాణికి చెల్లెలి వరస. పులుపు తక్కువ, చలవ ఎక్కువ. బియ్యప్పిండితో ఆవిరి మీద ఉడికించే ఫరా కూడా చేసింది, కర్రల్లా పొడుగ్గా ఉంటాయి. మన కుడుములకు బెల్లం కావాలి, వీటికి వెల్లుల్లి కారం కావాలి.

ఆ రోజు దులారి మోకాళ్ళకు గుడ్డ కట్టుకుని ఉంది. నొప్పి వచ్చిందని చెప్పలేదు, కూర్చునేటప్పుడు గోడ పట్టుకుంది. అందరికీ వడ్డించి, నా ఎదురుగా గోడకు ఆనుకుని, నా ముఖంలోకి చూస్తూ, "మోర్ వాలే మా, సౌ మా కై ఠన్, మామా?" అంది. నా వాటిలో నూటికి ఎన్ని అని.

ఇంత సూటిగా నన్నెవరూ లెక్క అడగలేదు. సమాధానం నా నాలుక చివర ఉంది. చెప్తే ఆ పూట ఆమెకు మోకాళ్ళు తేలికపడతాయేమో. కానీ ఆ అంకె ఒక్కసారి వచ్చినది. రెండోసారి సగానికి పడిపోతే, ఇచ్చేసిన సగాన్ని ఆమె దగ్గర ఎలా వెనక్కి తీసుకోవాలి? మా గోదాములో ఒకడు లెక్కపెట్టింది రెండోవాడు చూడకుండా మళ్ళీ లెక్కపెడతాడు, రెండూ కలిస్తేనే సరుకు లోపలికి. రెండోసారి లెక్కపెట్టాక చెప్తానన్నాను.

"చెప్పకపోతే తక్కువనుకుంటాను," అంది. హిందీలో అంది, నాకు బాగా అర్థం కావాలని.

తక్కువ కాదంటే సగం చెప్పేసినట్టే. అందుకని, తక్కువై దాచడం లేదు, ఎక్కువై దాచడం లేదు, ఇంకా నిజం కాలేదు కాబట్టి దాస్తున్నానన్నాను. బావ గిన్నెలోకే చూస్తూ కూర్చున్నాడు. తప్పు తనదని ఆమెతో చెప్పడానికి నోరు తెరిచాడు. దులారి ఆయనకు ఇంకో ఫరా వేసి ఆ మాట రానివ్వలేదు. ఆమెకు పూజరోజే తెలుసు.

"నా రక్తం, నా లెక్క," అంది నాతో. "దాచుకో మామా. కానీ నీది అనుకోకు."

ఇప్పటి సంగతి. డిసెంబరులో కస్తూరి ఫెలోషిప్పు ఆగిపోయింది. వాళ్ళ ప్రొఫెసరు బల్ల మాత్రం ఖాళీ చెయ్యించలేదు. పొద్దున్న ఒక కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం అక్కడికి వెళ్తోంది. విశాఖలో మొదలుపెట్టిన కొత్త విడత మధ్యలో పాడై, మళ్ళీ మొదటి నుంచి చేస్తున్నారు. బావ రెండో దీపం పెట్టె చేసి గుడ్డ కప్పి ఉంచాడు. దులారికి ఈ చలికాలంలో రెండుసార్లు నొప్పి వచ్చింది, ఒకసారి ఆసుపత్రిలో ఉంచారు. అక్క షెడ్డు నుంచి నాకు ఫోను చేస్తే మధ్యలో దులారి అందుకుంటుంది. బాగున్నావా అని అడగదు. "కై ఠన్?" అంటుంది, జవాబు కోసం ఆగకుండా ఫోను అక్కకు ఇచ్చేస్తుంది.

అది రెండంకెల సంఖ్య, నూటిలోపు. దులారికి నేను ఇంకా బాకీ.